సమాధానం: కొత్త ఆయిల్ ఫిల్టర్ వేశాక పొద్దున్నే ఇంజిన్ గలగల

ఫిల్టర్ మార్చాకే ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు సెకన్లు గలగలమంటోంది అన్నారు కాబట్టి ముందు అనుమానించాల్సింది లోపలి యాంటీ డ్రెయిన్ బ్యాక్ వాల్వ్‌ని. కారు ఆగాక ఫిల్టర్‌లోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపేది అదే. అది సరిగా ఆపకపోతే స్టార్ట్ చేశాక ఆయిల్ మళ్లీ చేరేదాకా ఇంజిన్ గలగలమంటుంది. మీ కారులో ఫిల్టర్ అడ్డంగా బిగించి ఉంటే దీని పాత్ర మరీ ఎక్కువ. కొత్త ఫిల్టర్ మూతి వైపు చూడండి: చుట్టూ ఉన్న చిన్న రంధ్రాల వెనక రబ్బరు పొర కనిపిస్తుంది. నల్లగా ఉంటే చాలావరకు నైట్రైల్ అనే రకం రబ్బరు, అది వేడికి క్రమంగా గట్టిపడుతుంది. నారింజ రంగైతే తరచుగా సిలికాన్, ఎక్కువ కాలం మెత్తగా ఉంటుంది. రంగు మాత్రమే చూసి కొనేయకండి, వివరాల్లో సిలికాన్ అని రాసి ఉందో లేదో చూడండి.

ఇక ఈ ఫిల్టర్లను అసలు ఎవరు తయారుచేస్తారని అడిగారు కదా, కార్ల కంపెనీలు సాధారణంగా ఫిల్టర్లను సరఫరాదారుల దగ్గరే చేయించి సొంత పేరు వేసుకుంటాయి. ఫిల్టర్ కంపెనీలకూ ఒకటికి మించి పేర్లుంటాయి: మాన్ ఫిల్టర్ బ్రాండ్ వెనక ఉన్న జర్మనీ సంస్థ మాన్ హుమ్మెల్ 2016లో విక్స్ (WIX) అనే మరో ఫిల్టర్ బ్రాండ్‌ని కూడా కొనేసింది. మాలే, క్నెక్ట్ అనే ఫిల్టర్ బ్రాండ్లూ ఒకే గూటివి. అలాగని ఒకే సంస్థ సరుకంతా ఒకేలా ఉండదు, ధరను బట్టి లోపలి వడపోత కాగితం మారిపోతుంది. అందుకే పేరు కన్నా మీ ఇంజిన్‌కి సరిపడే పార్ట్ నంబరు, ఫిల్టర్ ఎంత బాగా వడపోస్తుందో కొలిచే ఐఎస్‌ఓ 4548-12 పరీక్ష ఫలితం చూడటం మేలు. మర (థ్రెడ్) సరిపోయిందని ఏదో ఒకటి బిగించేస్తే, ఫిల్టర్ మూసుకుపోయినప్పుడు ఆయిల్‌ని పక్కదారిన పంపే బైపాస్ వాల్వ్ తెరుచుకునే ఒత్తిడిలో తేడా పడొచ్చు.

ఫిల్టర్ మార్చినా శబ్దం పోకపోతే ఆయిల్ గ్రేడు, లెవెల్ చూసి, ఇంజిన్ లోపలి టైమింగ్ చైన్ చెక్ చేయించండి.