మందుల సంచి
పాఠకుల ఉత్తరాలకు గుంటూరు ఫార్మసిస్టు జవాబులు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరయ్యాను. విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాం. పన్నెండేళ్లుగా షుగరుంది. నేను మందులు కొనే షాపుకి ఫార్మ్‌-డీ, అంటే ఫార్మసీలో డాక్టరేటు కోర్సు చదివే ఇద్దరు పిల్లలు వచ్చి, ‘షుగర్ పేషెంట్ల మీద పరిశోధన చేస్తున్నాం, ఆర్నెల్లపాటు నెలకోసారి మీతో మాట్లాడతాం, ఇక్కడ సంతకం పెట్టండి’ అన్నారు. మా అబ్బాయేమో ‘పెట్టావంటే నిన్ను ఎలకని చేస్తారు’ అని బెదిరిస్తున్నాడు. పిల్లల్ని చూస్తే బుద్ధిమంతుల్లాగే ఉన్నారు. ఏం చెయ్యమంటారు?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అబ్బాయి భయం ఊరికే వచ్చింది కాదు లెండి. కాకపోతే ఆయన అనుకుంటున్న పరిశోధన వేరు, ఆ పిల్లలు చేస్తున్నది వేరు. కొత్త మందు పనిచేస్తుందా లేదా అని చూసే పరీక్షలో మీ ఒంట్లోకి కొత్త మందు వెళుతుంది. ఇక్కడ అలాంటిదేమీ ఉండదు. మీ డాక్టరు రాసిన బిళ్లలే మీరు వేసుకుంటారు. అవి ఎప్పుడు వేసుకుంటున్నారు, ఎన్ని పూటలు మర్చిపోతున్నారు, ఇన్సులిన్ ఉంటే సూది ఎక్కడ గుచ్చుకుంటున్నారు, ఇలాంటివి ఫార్మసిస్టు కూర్చుని మాట్లాడితే షుగరు ఏమన్నా తగ్గుతుందా అని చూస్తారు. పరీక్ష మందుకి కాదు, మాకు. ఇందులో ఎలకలంటూ ఉంటే అది మేమే.

ఇలాంటి పరిశోధనల్లో నాకు బాగా నచ్చింది అమెరికాలో క్షౌరశాలల్లో చేసింది. లాస్ ఏంజిల్స్‌లో 52 సెలూన్లు తీసుకున్నారు. అక్కడికి రెగ్యులరుగా వచ్చే నల్లజాతి మగవాళ్లలో బీపీ ఎక్కువున్న 319 మందిని ఎంచుకున్నారు. కొన్ని సెలూన్లకి ఫార్మసిస్టే వెళ్లి, డాక్టర్లతో ముందే కుదుర్చుకున్న పద్ధతి ప్రకారం బీపీ చూసి మందులు సర్దాడు. మిగతా సెలూన్లలో క్షురకుడే ‘ఉప్పు తగ్గించు, డాక్టర్ దగ్గరకి వెళ్లు’ అని చెప్పాడు. ఆర్నెల్ల తర్వాత చూస్తే ఫార్మసిస్టు వెళ్లినచోట పై బీపీ సగటున 27 పాయింట్లు తగ్గింది, మిగతాచోట 9. ఇది 2018లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. మన దేశంలో ఫార్మసిస్టు మందు మార్చకూడదు, కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఇక్కడ దింపలేం. నా కన్ను మాత్రం ఆ 9 మీదే పడింది. ఫార్మసిస్టు లేకపోయినా 9 పాయింట్లు తగ్గింది కదా! పోల్చుకోవడానికి ఆ రెండో గుంపే లేకపోతే, ఆ 9ని కూడా మా ఘనత కింద రాసేసుకుని ఉండేవాళ్లం.

అందుకే ఆ పిల్లలు మీ షాపుకి వచ్చినట్టే ఇంకో షాపుకీ వెళ్లి, అక్కడ ఏమీ చెప్పకుండా లెక్కలు మాత్రం రాసుకుంటూ ఉండొచ్చు. ఒకే షాపులో సగంమందికి చెప్పి సగంమందికి చెప్పకుండా ఉండటం మన ఊళ్లో అయ్యే పని కాదు. మీకు చెప్పింది సాయంత్రానికల్లా అరుగు మీద నలుగురికీ తెలిసిపోతుంది. పరిశోధన అక్కడితో సరి.

సంతకం పెట్టేముందు నాలుగు సంగతులు అడగండి. పరిశోధనలో పేషెంట్లకి అన్యాయం జరగకుండా చూసే ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఉందా? తెలుగులో రాసిన వివరాల పత్రం ఇస్తారా? మధ్యలో మానేస్తే నాకు మందులివ్వడంలో తేడా ఏమన్నా వస్తుందా? నా పేరు, నా రిపోర్టులు ఎవరెవరు చూస్తారు? దేశంలో జరిగే ఇలాంటి పరిశోధనల కోసం 2007 నుంచి క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ అని ఒకటుంది. అందులో నమోదు చేశారేమో, చేస్తే నంబరెంతో కూడా అడగండి. ఆ నంబరు కొడితే మీ అబ్బాయి ఫోన్లోనే వివరాలు చూసుకోవచ్చు. పత్రం ఇంటికి తీసుకెళ్లి చదువుకుని రేపొస్తానంటే మొహం మాడ్చుకునేవాళ్లయితే సంతకం వద్దు. సరేనంటే పెట్టండి. టిక్కెట్టు చూపించమని ఊరందరినీ అడిగినవాళ్లు, కాగితం చూపించమని అడగడానికి మొహమాటం దేనికి?

ప్రశ్న: అమ్మా, మాది తెనాలి దగ్గర పల్లెటూరు. మా బాబుకి పదహారేళ్లు. పదకొండో ఏట కామెర్లొస్తే పసరు పోయించాం, తగ్గింది. రెండేళ్లనుంచి వాడి దస్తూరీ పాడైపోయింది. చేతులు వణుకుతాయి, మాట ముద్దగా వస్తుంది, నోటివెంట చొంగ కారుతోంది. కోపం ఎక్కువైంది. ఒక డాక్టరు నరాల బలహీనత అన్నారు, ఇంకొకరు చదువు టెన్షన్ అన్నారు, ఇప్పుడు మానసిక డాక్టరుగారి మందులు వాడుతున్నాం. మా అత్తగారు దిష్టి అంటుంది. నేను మా మేనమామనే చేసుకున్నాను, అందువల్లేమైనా అయిందా అని నిద్ర పట్టట్లేదు. ఒంటికి మంచిదని రోజూ పొద్దున్నే రాగి చెంబులో నీళ్లు తాగిస్తున్నాను. వాడికి ఎనిమిదో తరగతి చదివే చెల్లెలుంది. ఎవరి దగ్గరకి వెళ్లాలో చెప్పండి.
— ఒక తల్లి

జవాబు: చెల్లెమ్మా, ముందు ఆ రాగి చెంబు పైన పెట్టేసెయ్. ఎందుకో చెప్తాను.

నేను డాక్టర్ని కాదు. ఉత్తరం చూసి జబ్బు పేరు చెప్పేది అంతకన్నా కాదు. కానీ నీ ఉత్తరం చదవగానే నాకు 1996లో కొత్తపేటలో నేను పనిచేసిన మందుల షాపు గుర్తొచ్చింది. ఒకాయన ప్రతి నెలా కొడుకుని వెంటబెట్టుకుని వచ్చేవాడు. చేతిలో బట్టలకొట్టు పసుపు సంచి, దాన్నిండా చీటీలు, అయిపోయిన అట్టలు. మొదట్లో లివర్ టానిక్ తీసుకెళ్లేవాడు. తర్వాత ఏడాది పాసిటేన్, అంటే వణుకుడుకి వాడే బిళ్ల. ఆ తర్వాత పిచ్చికోపానికని హాలోపెరిడాల్. మూడూ ముగ్గురు డాక్టర్లు రాసినవి. ఏ మందు దేనికో నాకు తెలుసు. వణుకుడు బిళ్ల పద్నాలుగేళ్ల పిల్లాడికి ఎందుకని ఒక్కసారి అడిగి ఉండాల్సింది. చిల్లర లెక్కపెట్టి ఇవ్వడం తప్ప నేను చేసిందేమీ లేదు. రెండేళ్లు గడిచాక ఆయన ఒక్కడే వచ్చి, ‘పెన్సిలమిన్ దొరుకుద్దా అమ్మా?’ అన్నాడు. హైదరాబాదులో చెప్పారట, విల్సన్ జబ్బని. మా దగ్గర లేదు, మద్రాసునుంచి తెప్పించాం. ఆ రోజు సంచి బల్లమీద బోర్లించి చీటీలు తారీఖులవారీగా పేర్చాను. లివరు, తర్వాత వణుకు, తర్వాత మనసు. వరసలో పెడితే జబ్బు అక్కడే ఉంది. అప్పటికి పిల్లాడు నడవలేకపోతున్నాడు.

విల్సన్ జబ్బు అంటే ఒంట్లోకి వచ్చిన రాగి బయటికి పోకపోవడం. మనం తినే తిండిలో రాగి కొంత ఉంటుంది, ఎక్కువైనదాన్ని కాలేయం పైత్యరసంతో బయటికి పంపేస్తుంది. ఆ పని చేయించే ఏటీపీ7బీ అనే జన్యువు చెడితే రాగి ముందు కాలేయంలో, తర్వాత మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. 1912లో కినియర్ విల్సన్ అనే లండన్ డాక్టరు దీని గురించి రాశాడు, అందుకే ఆ పేరు. వేలల్లో ఒక్కరికి వచ్చే జబ్బు. కాబట్టి ఒక్కో డాక్టరు తన ముందున్న లక్షణానికి మందు రాసి పంపడంలో వింతేమీ లేదు. లివరు చూసినాయనకి వణుకు కనపడలేదు, వణుకు చూసినాయనకి కామెర్ల సంగతి ఎవరూ చెప్పలేదు. పసరుతో తగ్గిపోయింది కదా అని మీరూ మర్చిపోయి ఉంటారు.

మేనరికం సంగతి. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులూ కలిస్తేనే ఈ జబ్బొస్తుంది. దగ్గర చుట్టరికంలో అలా కలిసే అవకాశం ఎక్కువే, కాదనను. బయటి సంబంధాల్లోనూ వస్తుంది. ఇప్పుడు దాని గురించి నిద్ర పాడుచేసుకోకు, ఆ టైములో ఒక కాగితం రాయి.

కాగితం మీద నిలువుగా సంవత్సరాలు వెయ్యి. ఏ ఏడాది ఏం కనపడింది, ఏం వాడారు, ఆ మందు మొదలుపెట్టాక ఏం మారింది. పసరు కూడా రాయి, మొహమాటం లేకుండా. ఇది ఎందుకంత ముఖ్యమంటే, వణుకు మందులవల్ల కూడా వస్తుంది. మానసిక డాక్టర్లు రాసే కొన్ని మందులు, వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, తల తిరుగుడుకి వాడే సినరిజిన్, ఫిట్స్‌కి వాడే వాల్‌ప్రోయేట్ – వీటివల్ల చేతులు వణకొచ్చు. అరుదైన జబ్బు కోసం వెతికేముందు ఈ లెక్క తేలాలి. వణుకు ముందా, బిళ్ల ముందా? నువ్వు రాసినదాన్నిబట్టి వణుకే ముందు. తారీఖులతో రాస్తే డాక్టరుకి రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. అలాగని వాడుతున్న మందులు నీ అంతట నువ్వు ఆపెయ్యకు.

ఆ కాగితం, సంచి మొత్తం పట్టుకుని గుంటూరు ప్రభుత్వ పెద్దాసుపత్రి (జీజీహెచ్) న్యూరాలజీ, అంటే నరాల విభాగానికి వెళ్లు, లేదంటే మంగళగిరి ఎయిమ్స్‌కి. ‘విల్సన్ జబ్బు కాదని తేల్చి చెప్పండి’ అని నోరు తెరిచి అడుగు. కంటి డాక్టరు స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష పరికరం కింద నల్లగుడ్డు అంచున గోధుమరంగు వలయం ఉందేమో చూస్తారు. నరాల లక్షణాలు మొదలైనవాళ్లలో చాలామందికి అది కనపడుతుంది. రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రొటీనుకి ఒక పరీక్ష ఉంటుంది, ఈ జబ్బులో అది మామూలుగా తగ్గుతుంది. ఒక్కటి నార్మల్ వచ్చిందని ఊరుకోవద్దు. ఒంట్లో వేరే వాపు ఉన్నప్పుడు అది పెరిగి మోసం చేస్తుంది.

ఇక 24 గంటల మూత్రంలో రాగి పరీక్ష. ఇది చాలామంది ఇంట్లోనే పాడు చేసుకుంటారు. పొద్దున లేవగానే వచ్చిన మొదటి మూత్రం పారబోయాలి. అక్కడినుంచి మర్నాడు పొద్దున మొదటిసారి వచ్చిందాకా ప్రతి చుక్కా పట్టాలి. ల్యాబువాళ్లు ఇచ్చిన డబ్బాలోనే పట్టాలి. ఇంట్లో ఉన్న చెంబులో, స్టీలు గ్లాసులో పట్టి అందులో పోస్తే లోహం కలిసి లెక్క తప్పుతుంది. మధ్యలో ఒక్కసారి బాత్రూంలో పోసినా ఆ సంగతి దాచకుండా చెప్పి మళ్లీ మొదలుపెట్టండి.

అదే జబ్బని తేలితే మందుంది. పెన్సిలమిన్‌ని ఈ జబ్బుకి 1956లో జాన్ వాల్ష్ అనే డాక్టరు వాడుకలోకి తెచ్చాడు. రాగిని పట్టుకుని మూత్రంలోకి తోసేస్తుంది. పరగడుపున, అంటే తిండికి గంట ముందో రెండు గంటల తర్వాతో వేసుకోవాలి. ఐరన్ బిళ్లలతో కలిపి వేసుకోకూడదు. దానితోపాటు బీ6 విటమిన్ ఇస్తారు. కొందరికి మొదట్లో వణుకు ఇంకా పెరుగుతుంది. మందు పడలేదని భయపడి ఆపేస్తారేమో, అలా జరిగితే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి. జింకు ఇచ్చే పద్ధతీ ఉంది, అది పేగుల్లోనే రాగిని అడ్డుకుంటుంది. ఏదైనా జీవితాంతం వాడాల్సిందే. బాగానే ఉన్నాడు కదా అని మానేసినవాళ్లకి కాలేయం ఒక్కసారిగా దెబ్బతిన్న సందర్భాలున్నాయి. కాలేయం వేపుళ్లు, జీడిపప్పు, పుట్టగొడుగులు, చాక్లెట్లు తగ్గించమంటారు. రాగి చెంబు సంగతి ఇప్పుడు నీకే అర్థమైంది కదా.

ఒకటి మర్చిపోవద్దు. బాబుకి ఇదేనని తేలితే చెల్లెలికీ పరీక్ష చేయించాలి, ఏ లక్షణమూ లేకపోయినా సరే. నలుగురిలో ఒకరి లెక్కన తోబుట్టువుకి ఉండే అవకాశం ఉంది. ఆ పసుపు సంచి ఆయనకీ ఒక కూతురుండేది. పరీక్షలో తేలింది, వణుకు మొదలవ్వకముందే మందు మొదలుపెట్టారు. ఇప్పుడు ఆవిడకి ఇద్దరు పిల్లలు. అన్నయ్య గురించి మాత్రం ఆవిడ నాతో ఎప్పుడూ మాట్లాడదు.

రిపోర్టులొచ్చాక మళ్లీ రాయి.

ప్రశ్న: మేడమ్, మా అన్నయ్య పాపకి నాలుగేళ్లు. గౌషర్ జబ్బని చెప్పారు, అంటే ఒంట్లో ఒక ఎంజైము తక్కువై కాలేయంలో, ప్లీహంలో కొవ్వు పేరుకునే అరుదైన జన్యు జబ్బట. ప్రభుత్వం 50 లక్షలు ఇస్తుందని వాట్సాప్‌లో వచ్చింది. అప్లికేషన్ ఎక్కడ దొరుకుతుంది? మధ్యలో ఒకాయన డబ్బులిస్తే పని చేయిస్తానంటున్నాడు.
— నరసరావుపేట నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఆయన ఫోను ఎత్తకండి తమ్ముడూ.

50 లక్షల మాట నిజమే. 2021లో అరుదైన జబ్బులకి జాతీయ విధానం వచ్చింది. మొదట కొన్ని జబ్బులకే 20 లక్షల వరకు అన్నారు. 2022లో దాన్ని 50 లక్షలకి పెంచి ఆ విధానంలోని మిగతా వర్గాల జబ్బులకీ వర్తింపజేశారు. అయితే ఆ డబ్బు మీ చేతికి రాదు, మీ బ్యాంకులో పడదు. కేంద్రం గుర్తించిన ఆసుపత్రిలో పాపని నమోదు చేయించుకుంటే, వాళ్లు పరీక్షించి కేసు పంపిస్తారు, సాయం ఆ ఆసుపత్రికే వస్తుంది. మీకు దారిలో ఉన్నది హైదరాబాదు. అక్కడ జన్యు పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థ, నిమ్స్ ఆసుపత్రి కలిపి ఒక కేంద్రంగా ఉన్నాయి. ఎంజైము పరీక్ష రిపోర్టు, జన్యు పరీక్ష చేయించి ఉంటే అదీ, ఆధారూ తీసుకుని నిమ్స్‌కి వెళ్లండి.

ఒక విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. గౌషర్‌కి ఇచ్చే ఎంజైము మందు మామూలుగా రెండు వారాలకోసారి ఎక్కిస్తారు, మోతాదు పాప బరువునిబట్టి ఉంటుంది. పాప పెరిగేకొద్దీ మందూ పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది, 50 లక్షలు మాత్రం పెరగవు. అది అయిపోయాక ఏమిటన్నది మొదటి రోజే అక్కడి డాక్టర్లని అడగండి. కొన్ని మందుల కంపెనీలు కొంతమంది పిల్లలకి మందు ఉచితంగా ఇచ్చే కార్యక్రమాలు నడుపుతాయి, అలాంటివాటికి పేరు పంపేది కూడా ఆ డాక్టర్లే.

మందు మొదలయ్యాక ఎక్కించేటప్పుడు దద్దుర్లొచ్చినా, ఆయాసమొచ్చినా వెంటనే నర్సుకి చెప్పండి. మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే జాతీయ కార్యక్రమానికి 1800-180-3024 అని ఉచిత ఫోన్ నంబరుంది, పేషెంటు ఇంట్లోవాళ్లు కూడా చెయ్యొచ్చు. ఇంత అరుదైన మందులకి ఒక్కో ఫిర్యాదూ లెక్కలోకి వస్తుంది. మందు పేరుతోపాటు సీసా మీదుండే బ్యాచి నంబరు కూడా అడుగుతారు, అందుకని ఖాళీ సీసా పారేసేలోపు ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి.