బరువు తగ్గావు, ఇక బరువులెత్తు

అమ్మాయీ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. 18 కిలోలు తగ్గినా అద్దం ముందు నిలబడితే తృప్తి లేదన్నావు. జబ్బల కింద వదులుగా ఉంది, పొట్ట మెత్తగానే ఉంది, ఇంకో ఐదు కిలోలు తగ్గితే ఒళ్లు బిగువుగా అవుతుందా పిన్నీ అని అడిగావు. అవ్వదమ్మా. ఇంకో ఐదు కిలోలు తగ్గితే ఇప్పుడున్నట్టే ఉంటావు, కాకపోతే ఇంకాస్త సన్నగా, ఇంకాస్త నీరసంగా. నువ్విక తగ్గాల్సింది ఏమీ లేదు. ఇప్పుడు పెరగాలి. పెరగాల్సింది కండ.

తిండి తగ్గించి, నడిచి బరువు తగ్గితే పోయేది కొవ్వొక్కటే కాదు. పోయిన బరువులో ఇంచుమించు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉండటం మామూలు. అందులో కొంత నీరు, కొంత కండ. బరువులెత్తకుండా, ప్రొటీన్ సరిగ్గా తినకుండా తగ్గినవాళ్లకు కండ మరీ ఎక్కువ పోతుంది. నీ చేయి సన్నబడింది కానీ గట్టిపడకపోవడానికి కారణం అదే. ఒళ్లు బిగువుగా కనిపించాలంటే రెండే కావాలి: లోపల కండ ఉండాలి, దాని మీద కొవ్వు పలచగా ఉండాలి. కష్టమైన రెండోది నువ్వు సాధించేశావు. మొదటిదానికి తిండి తగ్గించడం పనికిరాదు, పైగా అడ్డుపడుతుంది.

మగాళ్లలా కండలు తిరిగిపోతాయేమోనని నీకు లోపల భయం ఉందని నాకు తెలుసు. ఈ భయంతోనే ఎంతోమంది ఆడవాళ్లు కిలో డంబెల్స్ దగ్గరే ఆగిపోయారు, చూసి చూసి నాకు బాధేస్తుంది. కండ పెరగడానికి తోడ్పడే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ మగవాళ్లలో ఉండేదాంట్లో పదో వంతు కూడా మనకు ఉండదు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మీరాబాయి చాను 115 కిలోలు తలపైకి ఎత్తి రజతం గెలిచింది. ఆమె పోటీపడింది 49 కిలోల విభాగంలో. ఏళ్ల తరబడి ఆ స్థాయిలో సాధన చేసిన మనిషే 49 కిలోలకు మించకుండా ఉంటే, వారానికి మూడు రోజులు జిమ్‌కి వెళ్లే నువ్వు పొరపాటున కూడా భారీగా తయారవ్వవు. కండ చెప్పా పెట్టకుండా వచ్చి మీద పడదు. నెలల తరబడి అడుగుతూ ఉంటే కొంచెం కొంచెంగా వస్తుంది.

ఇప్పుడు అసలు విషయం. ఎంత బరువు ఎత్తాలి అని అడిగితే కిలోల్లో జవాబు లేదు. 8 నుంచి 12 సార్లు చేయగలిగి, అందులో చివరి రెండు మూడు కష్టంగా ఉండే బరువే నీ బరువు. ఆ కష్టం ఎలా తెలుస్తుందంటే, అప్పటిదాకా ఒకే వేగంతో లేచిన డంబెల్ నువ్వు ఎంత గట్టిగా తోసినా నెమ్మదిస్తుంది. నువ్వు కావాలని నెమ్మదించడం కాదు, దానంతటదే. అక్కడ నీకు ఇంకో రెండు రెప్స్ (అంటే ఇంకో రెండుసార్లు ఎత్తే) ఓపిక ఉన్నప్పుడే ఆపు. పూర్తిగా చేతులెత్తేసే దాకా వెళ్లక్కర్లేదు. 12 అయ్యాక కూడా కబుర్లు చెప్పగలుగుతున్నావంటే ఆ బరువు నీకు చాలదు. తేలిక బరువుతో 25, 30 సార్లు చేసినా కండ పెరుగుతుంది, కాదనను. కానీ అప్పుడు కూడా చివరి రెప్స్ అంతే కష్టంగా ఉండాలి, ఆ మంట భరించడం ఇంకా కష్టం. కొత్తలో 8 నుంచి 12 హాయి.

వారానికి రెండు రోజులు తప్పనిసరి, మూడైతే ఇంకా మంచిది. పెద్దవాళ్లంతా వారానికి కనీసం రెండు రోజులు ముఖ్యమైన కండరాలన్నిటికీ పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. ఒక్కో రోజుకి మధ్య ఒక రోజు ఖాళీ పెట్టుకో. ముప్పావు గంట చాలు. ఈ రోజు చేతులు, రేపు కాళ్లు అని విడగొట్టే పద్ధతి నీకు ఇప్పుడు వద్దు. వెళ్లిన ప్రతిసారీ ఒళ్లంతా చెయ్యి.

చెయ్యాల్సినవి కూడా ఎక్కువ లేవు. కూర్చుని లేచేది ఒకటి, అంటే స్క్వాట్. డంబెల్‌ని రెండు చేతులతో గుండెకు ఆనించి పట్టుకుని మొదలుపెట్టు. తోసేది ఒకటి: పుషప్. నేల మీద రాకపోతే బల్ల మీద చేతులు పెట్టి చెయ్యి, మోకాళ్ల మీద చేసే దానికంటే అదే నయం, ఎందుకంటే ఎత్తు తగ్గించుకుంటూ పోతే ఒక రోజు నేలకి చేరతావు. లాగేది ఒకటి: బెంచీ మీద ఒక చేయి ఆనించి రెండో చేత్తో డంబెల్‌ని నడుం వైపు లాగడం. ఆడవాళ్లు ఎక్కువగా వదిలేసేది ఇదే, భుజాలు ముందుకు వాలిపోకుండా నిలబెట్టేదీ ఇదే. తలపైకి ఎత్తేది ఒకటి. ఆఖరున రెండు చేతుల్లో బరువైన డంబెల్స్ పట్టుకుని నిటారుగా నడవడం. పొట్ట కండరాలకు అది చేసే మేలు వంద క్రంచెస్ (వెల్లకిలా పడుకుని భుజాలు పైకి లేపడం) చెయ్యవు.

ఇంకొకటి మిగిలింది, అది నేను విడిగా చెప్పాలి. తుంటి దగ్గర వంగి లేచేది, జిమ్‌లో రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ అంటారు. పిరుదులకి, తొడల వెనక భాగానికి దీన్ని మించింది లేదు. తప్పుగా చేస్తే నడుం పట్టేసేదీ ఇదే. కాబట్టి మొదటి వారం బరువు ముట్టుకోకు. గోడకు వీపు చేసి, అడుగు దూరంలో నిలబడు. మోకాళ్లు కొద్దిగా వదులు చేసి అలాగే ఉంచు. ఇప్పుడు పిరుదులు గోడకు తగిలేదాకా వెనక్కి నెట్టు. నువ్వు ముందుకు వంగడం లేదు, వెనక్కి జరుగుతున్నావు, ఒళ్లు దానంతటదే ముందుకు వాలుతుంది. తల నుంచి తుంటి దాకా వీపు ఒకే గీతలా ఉండాలి. తొడల వెనక గట్టిగా లాగుతున్నట్టు అనిపిస్తే సరిగ్గా చేస్తున్నట్టు. నడుంలో లాగుతుంటే వీపు గుండ్రమైపోయిందని అర్థం. గోడ తగిలాక నేలను పాదాలతో తొక్కుతూ లేచి, పైన పిరుదులు బిగించు. పదిసార్లు తేలిగ్గా వస్తే రెండంగుళాలు ముందుకు జరిగి మళ్లీ చెయ్యి. ఇది ఒంటికి పట్టాకే డంబెల్స్ తీసుకో. అవి తొడలకు రాసుకుంటూ మోకాలి చిప్ప కొంచెం దాటేదాకా దిగాలి. కాళ్లకు దూరంగా ముందుకు వేలాడాయా, భారమంతా నడుం మీద పడుతుంది.

ఆపకుండా వరసగా చేసే ఆ 8 నుంచి 12 సార్లని ఒక సెట్ అంటారు. ఒక్కో వ్యాయామం రెండు సెట్లతో మొదలుపెట్టి, నెల తిరిగాక మూడు చెయ్యి. సెట్‌కి సెట్‌కి మధ్య రెండు నిమిషాలు కూర్చో. చెమట పట్టాలని గబగబా చేసేయకు, అలా చేస్తే ఆయాసం వస్తుందే తప్ప కండకు అందాల్సిన పని అందదు. మొదటి సెట్ ముందు అదే వ్యాయామం సగం బరువుతో ఒకసారి చేస్తే వార్మప్ అయిపోతుంది. ఊపిరి బిగపట్టకు, ఎత్తేటప్పుడు వదులు.

ఒక నోట్‌బుక్ పెట్టుకో, ఫోన్‌లో రాసుకున్నా సరే. తేదీ, బరువు, ఎన్ని రెప్స్, అంతే. 8 కిలోల డంబెల్‌తో స్క్వాట్ ఈ వారం 8 సార్లు వచ్చిందనుకో, వచ్చే వారం 9కి ప్రయత్నించు. అన్ని సెట్లలో 12 వచ్చిన రోజు 10 కిలోలకు వెళ్లి మళ్లీ 8 నుంచి మొదలుపెట్టు. ఇంతకుమించిన రహస్యం ఏ ట్రైనర్ దగ్గరా లేదు. ఎప్పుడూ ఒకే బరువు, ఒకే లెక్కతో ఏళ్ల తరబడి చేసేవాళ్ల ఒళ్లు మారకపోవడానికి కారణం ఈ ఒక్కటి లేకపోవడమే. వారం వారం వ్యాయామాలు మార్చేసినా అదే గతి, పెరిగావో లేదో కొలిచే వీలుండదు.

మొదటి రెండు వారాలు ఒళ్లు నొప్పులు ఉంటాయి. చేసిన మర్నాడు మొదలై, రెండో రోజు ఎక్కువై, మూడో రోజుకి తగ్గుముఖం పడతాయి. నడుస్తూ ఉండు, మానేసి పడుకోకు. నొప్పి ఎక్కువుంటే వ్యాయామం బాగా చేసినట్టు అనుకోవడం కూడా తప్పే. కానీ కీలులో సూదిలా పొడిచే నొప్పి వేరు, అది వస్తే ఆ కదలిక అక్కడితో ఆపెయ్.

ఇంకో సంగతికి ముందే సిద్ధంగా ఉండు: కాటా ఒకటి రెండు కిలోలు ఎక్కువ చూపించవచ్చు. పని మొదలైన కండ నీటినీ గ్లైకోజెన్‌నీ (కండలో దాచుకునే చక్కెర నిల్వ) పట్టి ఉంచుతుంది, అది కొవ్వు కాదు. ఆ అంకె చూసి కంగారుపడి తిండి తగ్గించకు, నేను ఎక్కువగా భయపడేది నువ్వు ఆ పని చేస్తావనే. టేపు పెట్టి నడుము, తుంటి, తొడ, జబ్బ నెలకోసారి కొలుచుకో, అదే వెలుతురులో ఒక ఫొటో తీసుకో. మొదటి రెండు నెలల్లో అద్దం పెద్దగా ఏమీ చెప్పదు, బలం మాత్రం ఇట్టే పెరుగుతుంది. ఉన్న కండనే ఇంకా బాగా వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. కంటికి కనిపించే మార్పుకి మూడు నాలుగు నెలలు ఆగాలి.

తిండి మాటకొస్తే, డైటింగ్ ఇక చాలు. బరువు నిలకడగా ఉండేంత తిను. నీ బరువులో ప్రతి కిలోకి 1.2 నుంచి 1.6 గ్రాముల ప్రొటీన్ రోజూ అందాలి. 60 కిలోలంటే 72 నుంచి 96 గ్రాములు. ఒక్క పూటే లాగించకుండా మూడు పూటలా సర్దుకో. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రొటీన్ పెంచకూడదు. నెలసరి తప్పిపోతుంటే, జుట్టు ఊడుతుంటే, ఎప్పుడూ చలిగా ఉంటుంటే తిండి చాలడం లేదేమో అని మొదట అనుమానించు, డాక్టర్‌కి చూపించు.

కండ పెరిగితే ఎంత తిన్నా కరిగిపోతుందని చెప్పేవాళ్ల మాట నమ్మకు. ఒక కిలో కండ ఊరికే ఉండి రోజుకి ఖర్చుపెట్టేది సుమారు 13 కేలరీలే. అలాగే పొట్ట వ్యాయామాలు చేస్తే పొట్ట దగ్గరి కొవ్వే కరుగుతుందనేదీ నిజం కాదు, ఎక్కడి నుంచి ముందు కరగాలో శరీరమే చూసుకుంటుంది. వదులైన చర్మం గురించి కూడా నిజమే చెబుతాను. కింద కండ నిండితే చాలా చోట్ల మెరుగ్గా కనిపిస్తుంది, ముఖ్యంగా జబ్బలు, తొడలు. చర్మం తనంతట తాను కొంత బిగుసుకోవడానికి ఏడాది, రెండేళ్లు కూడా పడుతుంది. బాగా సాగిన చర్మం పూర్తిగా సర్దుకోదు, ఏ క్రీమూ దాన్ని లాగి కట్టలేదు. అది నీ లోపం కాదు.

నడక మానకు, గుండెకు అది కావాలి. కానీ టైమ్ లేని రోజు రెండింట్లో ఒకటే అయితే బరువులే ఎంచుకో. నా వయసుకొచ్చాక ఎముకలు ఎంత విలువైనవో తెలుస్తుంది. నెలసరి ఆగాక ఎముక త్వరగా పలచబడుతుంది. ఆస్ట్రేలియాలో ఎముక సాంద్రత తగ్గిన అలాంటి ఆడవాళ్ల చేత వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున, 8 నెలలు దగ్గరుండి పెద్ద బరువులే ఎత్తించారు, వెన్నెముక సాంద్రత పెరిగింది. 2018లో ఆ ఫలితాలు వచ్చాయి. అంతకు ముందే 1990లో, 90 ఏళ్లకు అటూ ఇటూ ఉన్న వృద్ధాశ్రమ వాసులు 8 వారాల్లో కాళ్ల బలాన్ని రెట్టింపుకు మించి పెంచుకున్నారు. నీకు ముప్పై ఏళ్లు, ఇప్పుడు వేసుకున్న కండ నీతో చాలా దూరం వస్తుంది.

నీకు బీపీ ఉన్నా, ఏదైనా ఆపరేషన్ అయినా, కాన్పు తర్వాత పొట్ట మధ్యలో చీలిక మిగిలినా, దగ్గినప్పుడు మూత్రం కారుతున్నా దాచుకోకు, మొదలుపెట్టే ముందే డాక్టర్‌కో ఫిజియోథెరపిస్ట్‌కో చెప్పు. వాటన్నిటికీ దారులున్నాయి.

గోడ దగ్గర వంగే ఆ కదలికని పక్క నుంచి వీడియో తీసి పంపు. మోకాళ్లూ వీపూ రెండూ కనపడేలా, ఒంటికి అంటుకునే బట్టల్లో తియ్యి, లేకపోతే నాకేమీ తెలియదు. చూసి, డంబెల్ పట్టుకోవచ్చో ఇంకో వారం ఆగాలో చెబుతాను.

మీ పిన్ని