వాన పడితే మా ఆయన నిద్రపోడు

ప్రశ్న: డాక్టరమ్మా, నమస్తే. మాది కోవూరు దగ్గర పల్లెటూరు. 2021 నవంబర్లో సోమశిల నుంచి నీళ్లొదిలితే పెన్నా పొంగింది గదా, పడుగుపాడు కాడ రైలు పట్టాలు కూడా దెబ్బతిన్నయ్యి, ఆ వరదలో రాత్రిపూట మా ఇంట్లోకి నడుముల్లోతు నీళ్లొచ్చినయ్యి. మా ఆయన నన్నూ పిల్లల్నీ పక్కింటోళ్ల మిద్దె ఎక్కించి బర్రెల్ని విప్పడానికి పోయినాడు, తడిసిన పలుపు ముడి ఎంతకీ ఊడిరాలా, రెండు బర్రెలు ఆయన కళ్లముందే పోయినయ్యి. అప్పట్నించీ రేకుల మీద వాన చప్పుడైతే చాలు, చెమటలు, గుండెదడ, అర్ధరాత్రి లేచి బియ్యం మూట అటక మీద పెడతాడు. ఎండాకాలం బాగానే ఉంటాడు, దీపావళి దాటితే మొదలు. తాయెత్తు కట్టించినాం. మా మావ "మగోడివి, వానకి భయమేందిరా" అని అరుస్తాడు. మెడికల్ షాపులో తెచ్చిన నిద్రమాత్ర వేసుకుంటన్నాడు, అది లేని రోజు క్వార్టర్. మొన్న దిండు కింద కొడవలి చూసి నాకు కాళ్లూ చేతులూ ఆడలా. మెదడు దెబ్బతినిందా, ఎమ్మారై తీయించాలా? ఎంత చెప్పినా ఆయనకెందుకు అర్థం కావటంలా?

జవాబు: అమ్మా, ముందు ఆ కొడవలి సంగతి చూద్దాం. తడిసిన ముడి ఊడిరాలేదని మీరే రాశారు, నాకైతే ఆ కొడవలి ఆ ముడి కోయడానికే అక్కడుందనిపిస్తోంది, పడుకున్నా ఆయన చెయ్యి ఇంకా ఆ పలుపు మీదే ఉంది. కానీ ఇది నా ఊహ, ఊహ మీద వదిలేసే విషయం కాదిది. ఆయన నెమ్మదిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని "చచ్చిపోవాలనిపిస్తోందా" అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన వస్తుందని చాలామంది భయపడతారు, అలా రాదు, చాలాసార్లు అడిగేవాళ్లు దొరికారని మనిషి తేలికపడతాడు. అవునన్నా, మీకు అనుమానంగా ఉన్నా, కొడవలి తీసేసి, ఒంటరిగా వదలకుండా ఆ రోజే నెల్లూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ నంబర్ 14416 ఉంది, ఫోన్ ఉచితం, రాత్రయినా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక ఎందుకు అర్థం కావట్లేదు అన్నారు. ఆయనకి అర్థమవుతోందమ్మా, పగలు అడిగి చూడండి, వాన వానే వరద రాలేదు అని ఆయనే చెప్తాడు. రాత్రి ఆ చప్పుడు వినపడేసరికి మెదడు లోపల అమిగ్డలా అని బాదంగింజలాంటి చిన్న భాగం ఉంటుంది, అది ఆలోచన మొదలుకాకముందే ప్రమాదం అని కేక పెడుతుంది, అడ్రినలిన్ రక్తంలోకి వస్తుంది, గుండె కొట్టుకుంటుంది, కాసేపటికి కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోను కూడా పెరుగుతుంది. పాము కనపడితే మనం ఆలోచించకుండా వెనక్కి దూకేది దీనివల్లే, ఇది లేకపోతే ఆ రాత్రి మిమ్మల్ని మిద్దె ఎక్కించేవాడే కాదు. నుదురు వెనకుండే ముందుభాగం మామూలుగా ఈ కేకని ఆపుతుంది, కానీ ఒత్తిడి బాగా ఎక్కువైనప్పుడు దాని పట్టు తగ్గిపోతుంది. మనం చెప్పే బుద్ధులన్నీ పోయేది ఆ భాగానికే, ఆ టైంలో అక్కడ వినేవాళ్లుండరు. పైగా మావగారి అరుపు అమిగ్డలాకి ఇంకో ప్రమాదంలా తగులుతుంది, అందుకని దయచేసి ఆయన్ని ఆపండి, ఇది నేను గట్టిగానే చెప్తున్నాను.

హిప్పోకాంపస్ అని ఇంకో భాగముంది, జరిగిన దానికి ఎప్పుడు, ఎక్కడ అని గుర్తు వేసేది అదే. ప్రాణభయంలో ఆ గుర్తు సరిగా పడదు. అందుకే ఆయనకి వరద 2021లో జరిగిపోయిన సంగతిలా గుర్తురాదు, రేకుల మీద టపటపమంటే ఇప్పుడే వస్తున్నట్టుంటుంది, బియ్యం మూట అటకెక్కేది అందుకే.

మీరు రాసినదాన్ని బట్టి ఇది పీటీఎస్‌డీ, అంటే ఘోరం జరిగిపోయాక కూడా మనిషిని వదలని భయం జబ్బు, అయ్యుండొచ్చు, చూసి నిర్ధారించాల్సింది సైకియాట్రిస్టు. 1980లో అమెరికా మానసిక వైద్యుల జబ్బుల పుస్తకంలోకి ఈ పేరు ఎక్కింది, ఎక్కువగా వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల వల్ల. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 70 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటి ఘోరం చూస్తారు, వాళ్లలో పీటీఎస్‌డీ దాకా వెళ్లేది 5.6 శాతమే.

ఎమ్మారై వద్దు. తలకి దెబ్బ, ఫిట్స్ లాంటివి ఉంటే వేరు, లేకపోతే పీటీఎస్‌డీని స్కాన్లో చూసి చెప్పలేరు. ఈ జబ్బున్నవాళ్లలో సగటున హిప్పోకాంపస్ కొంచెం చిన్నదని పరిశోధనల్లో తేలింది నిజమే, కానీ 2002లో వియత్నాం సైనికుల్నీ, యుద్ధానికి పోని వాళ్ల కవల అన్నదమ్ముల్నీ కొలిస్తే, ఇంటి దగ్గరున్న కవలకి కూడా చిన్నదే ఉంది. అంటే భయం మెదడుని తినేసింది అని అంత సులువుగా చెప్పడానికి లేదు. ఆ స్కాన్ డబ్బులు వైద్యానికి దాచుకోండి.

వైద్యం ఎట్లా ఉంటుందంటే, పాత భయాన్ని చెరిపేయడం కుదరదు, దాని పక్కనే వాన అంటే వరద కాదనే కొత్త పాఠం నేర్పిస్తారు. వాన నుంచి, ఆ రాత్రి మాట నుంచి, పలుపు నుంచి ఎంత తప్పించుకుంటే మెదడుకి ఆ పాఠం నేర్చుకునే అవకాశం అంత పోతుంది. అందుకని థెరపిస్టు ముందు కూర్చుని ఆ రాత్రిని మొదట్నించి చివరిదాకా చెప్పిస్తారు, ఒకసారి కాదు, మళ్లీ మళ్లీ. తర్వాత ఫోన్లో వాన చప్పుడు పగటిపూట చిన్నగా వినడం, నాలుగు రోజులాగి కొంచెం సౌండ్ పెంచడం, ఒక తడి పలుపు ముడివేసి నింపాదిగా విప్పడం. మామూలుగా 8 నుంచి 15 సెషన్లు పడుతుంది. ఇంట్లో మీరే మొదలుపెట్టొద్దు, సగంలో ఆపితే భయం ఇంకా గట్టిపడుతుంది. ఈఎమ్‌డీఆర్ అని కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ చేసేది కూడా ఉంది, 1989లో ఫ్రాన్సిన్ షపిరో మొదటి ఫలితాలు ప్రచురించింది, అదీ పనిచేస్తుంది.

ఇందులో నాకు ముఖ్యమనిపించేది ఒకటి, ఇంకొంచెం ముందు పోయుంటే అనే మాట ఆయన మనసులో తిరుగుతూ ఉండుంటుంది. ముందు మిమ్మల్నీ పిల్లల్నీ ఎక్కించబట్టే బర్రెల దగ్గరకి ఆలస్యమయింది. ఆ వరస ఆయన నోటితో ఆయనే చెప్పుకుని ఆయనే వినాలి, మనం చెప్తే ఓదార్పులాగే ఉంటుంది.

మందుల్లో సెర్ట్రలీన్, పారాక్సెటీన్ లాంటివి ఇస్తారు, పని కనపడడానికి కొన్ని వారాలు పడుతుంది. షాపులో తెచ్చిన ఆ నిద్రమాత్ర అట్ట డాక్టరుకి చూపించండి, అల్‌ప్రజోలం లాంటిదైతే పీటీఎస్‌డీకి అది సరైన మందు కాదు, అలవాటు పడిపోతుంది, అలాగని ఒక్కసారిగా మానేస్తే కూడా ప్రమాదమే, మెల్లగా తగ్గించాలి. క్వార్టర్ తాగితే నిద్ర పట్టినట్టుంటుంది గానీ తెల్లవారుజామున ముక్కలవుతుంది, మాత్రా తాగుడూ ఒకే రాత్రి కలిస్తే ఊపిరికే మోసం.

వాన రాత్రి లేచి కూర్చుంటే వెనకనుంచి పట్టుకుని కుదపొద్దు. లైటు వేసి, ఎదురుగా వచ్చి, పేరుపెట్టి లేదా మీరెలా పిలుస్తారో అలా పిలవండి. పాదాలు నేలకి ఆనించమనండి, నేల పొడిగా ఉందని ఆయన చేత్తోనే తడిమించండి, ఊపిరి తీసుకున్నదానికంటే వదలడం ఎక్కువసేపు ఉండేలా మీరూ ఆయనతో కలిసి చేయండి. తాయెత్తు ఉంటే ఉండనీయండి, ఆయనకి ధైర్యమైతే నాకేం అభ్యంతరం లేదు. దీపావళి దాకా మాత్రం ఆగొద్దు, ఈ పని ఎండలుండగానే మొదలుపెట్టాలి.

ప్రశ్న: చీమకుర్తి నుంచి రాస్తున్నా. పది రోజుల కింద రోడ్డు మీద టిప్పర్ యాక్సిడెంట్ మా ఏడేళ్ల బాబు చూశాడు. రాత్రిళ్లు ఏడుస్తున్నాడు, బొమ్మ లారీలు గుద్దించే ఆట ఆడుతున్నాడు. వెంటనే కౌన్సెలింగ్ ఇప్పించాలా?

జవాబు: పది రోజులకి ఇవి ఉండేవే, పీటీఎస్‌డీ అనాలంటే నెల దాటాలి. కూర్చోబెట్టి ఏం చూశావో చెప్పు అని గుచ్చిగుచ్చి అడగొద్దు, ఘోరం జరిగిన వెంటనే ఒక్క సిట్టింగులో అంతా చెప్పించేసే పద్ధతిని ఇప్పుడు వద్దనే అంటున్నారు. వాడంతట వాడు చెప్తే వినండి. ఆ లారీ ఆట ఆపొద్దు, పక్కన కూర్చోండి, ఒకటి రెండు సార్లు అంబులెన్సుని కూడా తీసుకురండి. స్కూలు, అన్నం, నిద్ర వేళలు మామూలుగా నడపండి, కొన్నాళ్లు మీ పక్కలోనే పడుకోబెట్టుకోండి. నెల దాటాక కూడా తగ్గకపోయినా, ఆడుకోవడం తినడం మానేసినా ఒంగోలు రిమ్స్‌లో మానసిక వైద్యుల దగ్గర చూపించండి.