టైర్ల సంగతి తేల్చాకే మిగతావి

అమ్మడూ,

నువ్వు పంపిన లిస్టు చూశాను. కార్బన్ హ్యాండిల్, కుదుపు తగ్గించే సీటు కడ్డీ, కొత్త జీపీఎస్... అన్నీ బాగానే ఉన్నాయిగానీ టైర్ల మాట ఒక్కచోటా లేదు. బండితో వచ్చినవి చాల్లే అనుకున్నట్టున్నావు. గ్రావెల్ బైక్‌లో, అంటే కంకర, మట్టి దారుల్లో తొక్కే సైకిల్‌లో, నేలను తాకేవి అవే కదా! లిస్టంతా కొన్నాళ్ళు పక్కన పెట్టు. ముందు టైర్లు, తర్వాత గాలి, ఆ తర్వాత దారి. ఈ మూడూ కుదిరాక ఆ కార్బన్ హ్యాండిల్ నీకు గుర్తుకొస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

వెడల్పు ఎంత ఉండాలన్నది తొక్కబోయే దారిని బట్టి ఉంటుంది. అణిగిపోయిన గట్టి మట్టిరోడ్డయితే 35, 38 మిల్లీమీటర్లు చాలు. గులకరాళ్ళూ ఇసుకా కలిసొచ్చే చోట, ఫ్రేములో పడితే 45 పెట్టు. ఎటూ తేలకపోతే పెద్దదే మేలు. టైరు పక్కన 40-622 లాంటి అంకెలుంటాయి. మొదటిది వెడల్పు, రెండోది రిమ్ము మీద టైరు కూర్చునే చోటి వ్యాసం. ఆ రెండోది నీ చక్రంతో కచ్చితంగా కలవాలి. 700సి అనే పెద్ద సైజు చక్రానికి 622, 650బి అనే కాస్త చిన్నదానికయితే 584. బిగించాక టైరుకీ ఫ్రేముకీ మధ్య అటూ ఇటూ 5, 6 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, ముఖ్యంగా పెడళ్ళ వెనకాల. బురద ఇరుక్కునేది అక్కడే.

ఇక గాలి. టైరు మీద అచ్చేసిన పెద్ద అంకె అంతకు మించొద్దని చెప్పే హద్దు. అంత కొట్టమని కాదు. గట్టిగా కొడితే వేగం వస్తుందనేది నున్నటి తారురోడ్డు మాట. కంకర మీద గట్టి టైరు ప్రతి రాయికీ బండినీ నిన్నూ కలిపి పైకి ఎగరేస్తుంది, నువ్వు తొక్కిన బలం ఆ కుదుపుల్లోనే పోతుంది. మెత్తటి టైరయితే రాయిని తనలోకి తీసుకుని ముందుకు పోతుంది.

నువ్వు 60 కిలోలు ఉంటావేమో. 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైర్లకి వెనక 32, ముందు 30 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత)తో మొదలుపెట్టు. రాళ్ళున్న ఒక చిన్న దారి ఎంచుకుని, ప్రతిసారీ రెండేసి పీఎస్ఐ తగ్గిస్తూ అక్కడే తిరుగు. చేతులకి కొట్టే దడ తగ్గుతూ వస్తుంది, మలుపులో ముందు చక్రం నేలను పట్టుకుంటుంది. ఇంకా తగ్గిస్తే ఒకచోట రాయి మీద టక్‌మని రిమ్ము తగులుతుంది, లేదా మలుపులో టైరు పక్కకి ఒరిగినట్టు అనిపిస్తుంది. అక్కడ ఆగి మూడు పీఎస్ఐ ఎక్కించు. ఆ దారికి నీ అంకె అదే. ఎప్పుడూ ఒకే గేజీతో కొలువు, ఒక్కో పంపు ఒక్కో అంకె చూపిస్తుంది. లోపల ట్యూబు ఉంటే మాత్రం ఇంత తగ్గించకు. రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి.

ట్యూబ్‌లెస్‌కి మారితే సీలెంట్ (టైరు లోపల పోసే, చిల్లులు మూసే ద్రవం) సంగతి మర్చిపోవద్దు. రెండు మూడు నెలలకోసారి చూసి పోయాలి, ఎండల్లో ఇంకా త్వరగా ఎండిపోతుంది. ముల్లు దిగితే అదే మూసుకుంటుంది, పెద్ద చిల్లుకి ప్లగ్గు పెట్టాలి, టైరు పక్క గోడ చీలితే రెండూ పనిచేయవు. అమెరికాలో కాన్సస్‌లో అన్‌బౌండ్ అనే పెద్ద గ్రావెల్ రేసు జరుగుతుంది, అక్కడి చెకుముకి రాళ్ళు టైర్లు కోసేయడంలో పేరుపడ్డవి. కాబట్టి ట్యూబ్‌లెస్ అయినా సరే ఒక ట్యూబు, చీలిక మీద లోపలి నుంచి వేసే ముక్క, చైన్ లింకు, నీ ఫ్రేముకి సరిపడే డిరెయిలర్ హ్యాంగర్ (గేర్లు మార్చే డిరెయిలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క) బ్యాగులో ఉండాలి. హ్యాంగర్ ప్రతి ఫ్రేముకీ వేరేలా ఉంటుంది, ఊరు దాటాక వెతికితే దొరకదు.

మిగతా సెట్టింగులకి పెద్ద టెన్షన్ అక్కర్లేదు. పెడల్ అడుగుకి వచ్చినప్పుడు మడమ ఆనించి కాలు నిటారుగా వస్తే సీటు ఎత్తు దాదాపు సరిపోయినట్టే, కంకరకి దానికంటే రవ్వంత తగ్గినా తప్పులేదు. అన్నిటికన్నా తేలిక గేరులో ముందు పళ్ళచక్రం కంటే వెనక దానికి పళ్ళు ఎక్కువుండాలి. ముందు 40, వెనక 42 అన్నమాట. రాళ్ళున్న ఎత్తు మీద నిలబడి తొక్కితే వెనక చక్రం జారుతుంది, కూర్చునే ఎక్కాలి.

దారులు వెతకడమే అసలు సరదా. నాకు తొక్కడం కంటే మ్యాపు ముందు కూర్చోవడమే ఎక్కువ ఇష్టమని మీ అత్తయ్య ఎగతాళి చేస్తుంది. దారులు గీసిచ్చే కొమూట్ లాంటి యాప్ చూపే రూటును ఉన్నదున్నట్టు నమ్మకు. దానికి ఆధారం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్, అందులో బాటల వివరాలు రాసేది మనలాంటి మనుషులే. గ్రేడ్ 1 అంటే గట్టి బాట, గ్రేడ్ 5 అంటే మెత్తటి నేల. ఏమీ రాయకపోతే ఎవరూ చూసి రాయలేదని అర్థం, అంతే.

అందుకే శాటిలైట్ చిత్రం కూడా చూడు. రెండు చక్రాల గాడులు, మధ్యలో గడ్డి గీత కనిపిస్తే బళ్ళు తిరుగుతున్నట్టు. గీత సన్నబడి పచ్చదనంలో కలిసిపోతే ముందుకు దారి లేకపోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత చిత్రాలు కూడా ఉంటాయి. వానలప్పటిది దొరికితే నీళ్ళు బాటని ఎక్కడ దాటుతున్నాయో తెలిసిపోతుంది. ఆపైన స్ట్రావా యాప్ హీట్‌మ్యాప్‌లో (జనం తిరిగిన దారులు వెలుగుగా చూపే మ్యాపు) సైకిళ్ళవి మాత్రమే పెట్టుకుని చూడు, వెలుగుతున్న గీత మీద జనం తొక్కుతున్నారన్నమాట. కానీ అందరూ తొక్కుతున్నారని అక్కడ అనుమతి ఉందని కాదు. గేటు గానీ బోర్డు గానీ కనిపిస్తే ఆగి అడుగు. గేటు తెరిస్తే, అంతకుముందు ఎలా ఉందో అలాగే పెట్టి వెళ్ళు.

రూటు గీసేటప్పుడు గంటల్లో లెక్కేసుకో, కిలోమీటర్లలో కాదు. తారులో రెండు గంటల దూరం ఇక్కడ మూడు, ఇసుక తగిలితే నాలుగు. మధ్యమధ్యలో తారురోడ్డు తగిలేలా చూసుకుంటే అలిసినా, బండి చెడినా బయటపడొచ్చు. మ్యాపు ఫోన్‌లోకి ముందే దించుకో, సిగ్నల్ ఉండదు.

జిగురుమట్టి తడిసి ఉంటే మాత్రం వెనక్కి తిరుగు. 2023 అన్‌బౌండ్‌లో మొదట్లోనే బురద తగిలి ఎందరో బండ్లు భుజాన వేసుకుని నడిచారు. చక్రాలకి పట్టిన మట్టి గీకడానికి అక్కడివాళ్ళు రంగు డబ్బా కలిపే చెక్క పుల్లలు వెంట పెట్టుకుంటారు. చక్రం తిరగనప్పుడు బలవంతంగా తొక్కితే డిరెయిలర్ విరిగి ఊచల్లో పడుతుంది. పైగా నీ చక్రాల గాడులు ఎండాక గట్టిపడిపోయి తర్వాత వచ్చేవాళ్ళని తిట్టిస్తాయి.

మొదటిదానికి ముప్ఫై కిలోమీటర్లు మించకుండా, గాలికి ఎదురు వెళ్ళి గాలితో తిరిగొచ్చేలా గీయి. జీపీఎక్స్ ఫైలు, అంటే నువ్వు గీసిన రూటు ఉండే ఫైలు, నాకు పంపు. ఎక్కడ నీకు నమ్మకం కుదరలేదో అక్కడ గుర్తు పెట్టు, నేనూ శాటిలైట్‌లో చూసి చెప్తాను. నీ ఫ్రేములో ఎంత టైరు పడుతుందో కూడా అందులోనే రాయి.

ఆశీస్సులతో,
మావయ్య