ప్యాచా, వేపింగా? సిగరెట్ మానాలనుకుంటున్న తమ్ముడికి

తమ్ముడూ,

సిగరెట్ మానడానికి ప్యాచ్ (చర్మానికి అంటించుకునే నికోటిన్ పట్టీ) వాడాలో, వేపింగ్‌కి (ఈ-సిగరెట్‌కి) మారాలో తేల్చుకోలేకపోతున్నానని రాశావు. పొగ మానాలనుకునేవాళ్ల పక్కన కూర్చోవడమే ఇన్నేళ్లుగా నా పని కాబట్టి తెలిసింది చెబుతాను.

ముందు, ఇదివరకు మానలేకపోయినందుకు నిన్ను నువ్వు తిట్టుకోవడం ఆపు. చాలీచాలని సంపాదనతో బతికేవాళ్లు కూడా మానాలని అందరిలాగే ప్రయత్నిస్తారు. చివరిదాకా నిలబడగలిగేవాళ్లు తక్కువ. రేపు పని ఉంటుందో లేదోనన్న టెన్షన్, నెత్తిన అప్పు, చుట్టూ ఉన్నవాళ్లంతా కాల్చేవాళ్లే కావడం. ఇన్నిటి మధ్య మానడం ఎవరికైనా కష్టమే.

నిన్ను కట్టిపడేసేది నికోటిన్. ఊపిరితిత్తుల్నీ గుండెనీ పాడుచేసేది ముఖ్యంగా పొగాకు కాలితే వచ్చే పొగ. ప్యాచ్ అయినా వేపింగ్ అయినా ఆ పొగ లేకుండా నికోటిన్ అందించేవే.

ప్యాచ్‌నీ, నమిలే నికోటిన్ గమ్‌నీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. 'వాడాను, పనిచేయలేదు' అన్నవాళ్లను అడిగి చూస్తే చాలామంది తక్కువ డోసు వాడి ఉంటారు, లేదా రెండు వారాలకే ఆపేసి ఉంటారు. రోజుకు పదికి మించి కాల్చేవాళ్లు సాధారణంగా 21 మిల్లీగ్రాముల ప్యాచ్‌తో మొదలుపెట్టాలి. రెండు మూడు నెలల పాటు డోసు తగ్గించుకుంటూ రావాలి. ప్యాచ్ ఒక్కటే చాలదు. అది రోజంతా నిలకడగా నికోటిన్ ఇస్తుంది కానీ, ఉన్నట్టుండి గుంజే క్షణానికి గమ్మో లాజెంజో (చప్పరించే నికోటిన్ బిళ్ల) చేతిలో ఉండాలి. రెండూ కలిపి వాడితే ఒక్కటే వాడినదానికంటే బాగా పనిచేస్తాయి. లేచిన అరగంటలోపే మొదటి సిగరెట్ వెలిగించేవాడివైతే 4 మిల్లీగ్రాముల గమ్ తీసుకో. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా నమలకూడదు. ఘాటు తగలగానే బుగ్గకు ఆనించి ఉంచు, ఘాటు తగ్గాక మళ్లీ కాస్త నములు. గబగబా నమిలి మింగితే ఎక్కిళ్లు, వికారం.

ఇక వేపింగ్. నిజం చెప్పాలంటే, పరిశోధనల్లో అదే ఎక్కువమంది చేత సిగరెట్ మాన్పించింది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ సాయం మీద బతికే వెయ్యిమందికి పైగా పొగతాగేవాళ్లతో చేసిన పరిశోధనలో, ఆరు నెలల పాటు పొగకు దూరంగా ఉన్నవాళ్లు వేప్ ఇచ్చినవాళ్లలో 28 శాతం, నికోటిన్ మందులు ఇచ్చినవాళ్లలో దాదాపు 10 శాతం. నీలాంటివాళ్లకు ఇది చిన్న తేడా కాదు. చేతికీ నోటికీ ఉన్న అలవాటు కూడా అందులో తీరుతుంది కదా.

కానీ అది వదలడమే కష్టం. 2019లో వెలువడిన ఇంగ్లాండ్ పరిశోధనలో, సిగరెట్ మానినవాళ్లలో వేప్ తీసుకున్న 80 శాతం మంది ఏడాది తర్వాత కూడా దాన్ని వాడుతూనే ఉన్నారు. మందులు తీసుకున్నవాళ్లలో 9 శాతమే ఇంకా వాడుతున్నారు. ఏళ్లతరబడి వేప్ చేస్తే ఏమవుతుందో చెప్పేంత కాలం ఇంకా గడవలేదు. పైగా భారత్ లాంటి దేశాల్లో దాని అమ్మకమే నిషేధం. అలాంటి చోట దొంగచాటుగా కొన్నదాంట్లో ఏం కలిపారో ఎవరూ చెప్పలేరు.

అందుకే నా మాట ఇది: ప్యాచ్, గమ్ కలిపి, సరైన డోసులో, పూర్తి కాలం వాడి చూడు. ఉచితంగా ఇచ్చే ఆరోగ్య కేంద్రం ఉందేమో ముందు కనుక్కో. అలా వాడినా నిలవకపోతే, చట్టం ఒప్పుకునే చోట వేపింగ్‌కి మారడంలో సిగ్గుపడాల్సింది లేదు. అయితే పూర్తిగా మారాలి. పగలు వేప్, రాత్రి సిగరెట్ అంటే పెద్దగా లాభం లేదు. వేప్‌లో పోసే నికోటిన్ ద్రవం మింగితే పసిపిల్లల ప్రాణానికే ముప్పు, అందనిచోట పెట్టు.

మానసిక సమస్యకు మందులు వాడుతుంటే, సిగరెట్ మానే ముందే డాక్టర్‌కు చెప్పు. పొగ ఆగితే క్లోజపిన్ లాంటి మందులు రక్తంలో పెరుగుతాయి, డోసు తగ్గించాల్సి రావచ్చు.

మొదటి మూడు నాలుగు రోజులే గట్టిగా గుంజుతుంది. తేదీ ఖాయం చేసుకుని నాకు చెప్పు, ఆ వారమంతా రాత్రిపూట ఫోన్ చేస్తాను.

నీ అక్క