ఇథియోపియా ఇటలీ కింద ఉన్నట్టా, లేనట్టా?

ఒక పుస్తకంలో 1889 నుంచి ఇథియోపియా ఇటలీ రక్షిత రాజ్యమని (అంటే విదేశీ వ్యవహారాలు ఇటలీ చేతిలో ఉండే దేశమని), ఇంకోదాంట్లో అప్పట్లో ఎవరికీ లొంగలేదని ఉంది, పరీక్షలో ఏది రాయాలి అనే కదండీ మీ ప్రశ్న. టెన్షన్ పడకండి, తేడా అంతా ఒక్క క్రియాపదం దగ్గరే ఉంది.

1889 మే 2న ఇటలీ, ఇథియోపియాల మధ్య కుదిరిన వుచాలే ఒప్పందాన్ని రెండు భాషల్లో రాసుకున్నారు. అందులో 17వ అధికరణం అమ్హారిక్ (ఇథియోపియా భాష) ప్రతి ప్రకారం, విదేశీ వ్యవహారాలకు చక్రవర్తి మెనెలిక్ ఇటలీ సాయం తీసుకోవచ్చు. ఇటాలియన్ ప్రతిలో మాత్రం తీసుకోవాలి అనే అర్థం వస్తుంది. ఆ 'వాలి'ని పట్టుకుని ఇథియోపియా మా రక్షణలో ఉందని ఇటలీ యూరప్ అంతా చాటింపు వేసింది. మెనెలిక్ ఊరుకోలేదు, 1893లో ఒప్పందాన్నే కాదన్నాడు, ఫ్రాన్స్ నుంచి, రష్యా నుంచి, అంతకుముందు ఇటలీ నుంచి కూడా వచ్చిన తుపాకులు దగ్గర పెట్టుకున్నాడు (ఇటలీ వాళ్లు తమకు తామే తవ్వుకున్న గొయ్యి ఇది!).

1896 మార్చి 1న ఉత్తర ఇథియోపియాలోని అడ్వా దగ్గర ఇటలీ జనరల్ బరతియేరి దళాలు రాత్రి నడకలో కొండల మధ్య ఒకదానికొకటి దూరమైపోయాయి, దాదాపు లక్షమంది ఇథియోపియా సైనికులు వాటిని విడివిడిగా దెబ్బకొట్టారు. ఆ అక్టోబరులో అడిస్ అబాబా ఒప్పందంతో వుచాలే రద్దయింది, ఇటలీ ఇథియోపియా స్వాతంత్ర్యాన్ని ఒప్పుకుంది.

కాబట్టి 'రక్షిత రాజ్యం అన్నది ఇటలీ వాదన, ఇథియోపియా దాన్ని ఒప్పుకోలేదు' అని రాయండి. పక్కనున్న ఎరిత్రియా ఇటలీ చేతిలోనే మిగిలిందనీ, 1936-41 మధ్య ముస్సోలినీ ఆక్రమణ వేరే కథ అనీ ఒక లైను కలపండి, మార్కులు తగ్గవు.