ఆడనివాణ్ని వదిలించుకోవడం అంత తేలికా?

ప్రశ్న: సార్, మాది మారతహళ్లి. అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ మ్యాచ్‌లు మనకు పొద్దున వస్తాయి కదా, సిల్క్‌బోర్డ్ ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని ఫోన్‌లో చూస్తుంటా. మా టీమ్ వరసగా ఓడిపోతోంది. కోట్లు తీసుకునేవాడు ఎదురుగా ఎవరూ లేకపోయినా బాస్కెట్ వెయ్యలేకపోతున్నాడు. వాణ్ని ట్రేడ్ చేసి, అంటే వేరే టీమ్‌కిచ్చేసి, బదులుగా మంచోణ్ని తెచ్చుకోవచ్చుగా?

జవాబు: మీకు అక్కర్లేని సరుకు పక్కవాడికి మాత్రం ఎందుకండీ? ఐపీఎల్‌లోలా వదిలేసి వేలానికి పోదామంటే ఇక్కడ కుదరదు, ఆటగాడితో పాటు అతని కాంట్రాక్టు కూడా వెళ్తుంది, పైగా జీతాల పరిమితి దాటిన టీమ్ పంపించిన జీతం కంటే మరీ ఎక్కువ జీతం వెనక్కి తీసుకోకూడదు.

లాస్ ఏంజెలెస్ టీమ్ లేకర్స్ సంగతే చూడండి. 2022-23 సీజన్‌లో మొదటి 12 మ్యాచ్‌ల్లో 10 ఓడిపోయారు. వాళ్ల ఆటగాడు వెస్ట్‌బ్రూక్ జీతమేమో 4.7 కోట్ల డాలర్లు. 2023 ఫిబ్రవరిలో మూడు టీమ్‌ల ట్రేడ్‌లో అతన్ని యూటా టీమ్‌కు పంపించారు, ఊరికే కాదు, 2027 మొదటి రౌండ్ డ్రాఫ్ట్ పిక్ (కొత్త కుర్రాళ్లను ఎంచుకునే ఛాన్సు) కూడా చేతిలో పెట్టి (అల్లుడికి కట్నం ఇచ్చినట్టే లెండి). బదులుగా రసెల్, బీజ్లీ, వాండర్‌బిల్ట్ అనే ఆటగాళ్లు వచ్చారు, అదే లేకర్స్ టీమ్ వెస్ట్ ఫైనల్ (లీగ్‌లో పశ్చిమ సగం టీమ్‌ల ఫైనల్) దాకా వెళ్లింది. యూటా ఎందుకు ఒప్పుకుందంటారా, వెస్ట్‌బ్రూక్ కాంట్రాక్టు ఆ ఏడాదితోనే అయిపోతోంది, ఆ తర్వాత జీతం భారం ఉండదు.

కాబట్టి మీవాడి కాంట్రాక్టు ఇంకా ఎన్నేళ్లుందో ముందు చూడండి. మూడేళ్లుంటే మాత్రం కష్టమే, ఇంకొన్నాళ్లు ఆ క్యాబ్‌లో పళ్లు నూరుకోవాల్సిందే.